ఏడు శాతం మిత్తి

నన్ను గట్ల పొగడకు బిడ్డా అని ఎన్నిసార్లు చెప్పిన్నో ఆ కావ్యకు. వింటదా? నిన్న మీ మామ సంవత్సరీకానికి వచ్చినోళ్లందరి ముంగట, బంతిల వడ్డించుకుంట మరీ, మా రమత్త లేకపోతే మా బాపు పైసలు ఎప్పటికీ మూడు శాతంలనే మూలుగుతుండె అని చెప్పింది. అందరు నా మొకం దిక్కు చూసిన్రు. నేను పప్పన్నం కలుపుకుంట తల వంచుకున్న. మీరిద్దరు కూడ చూసిన్రు కదా. అమ్మ సిగ్గుపడుతాంది అనుకున్నరు.

సిగ్గే. కానీ మీరనుకున్న సిగ్గు కాదు.

ఫోన్లు పక్కకు పెట్టున్రి. దీప్తీ, ఆ చెవుల వైర్లు తియ్యి. హరీష్, నువ్వు చిప్స్ తినుకుంట విను, ఏం కాదు. సూరత్ బండికి ఇంకా మూడు గంటలున్నది. గింత ముందుగాల తెచ్చి ప్లాట్‌ఫారం మీద కూసోబెట్టిందని నన్ను లోపల లోపల తిట్టుకుంటాన్రు, తెలుసు. బండి పోతదన్న భయంతోటి కాదు ఇయ్యాల. ఈ మూడు గంటలు నాకు కావాలె.

ఈ ముచ్చట మీకు ఇప్పటిదాంక ఎవ్వరు చెప్పలే. మీ నాన్నకు సగం తెలుసు. మిగిలిన సగం నాకొక్కదానికే తెలుసు.

కావ్య వదిన ఎటు పోయిందో చూసిన్రా? సామాన్లు ఈడ పెట్టి, గంటల వస్త అత్తా అని ఉరికింది. బ్యాంకుకు. నాలుగింటికి బంద్ అయితదని. ఏడాదిల ఇది తొమ్మిదోసారి. పోయిన ప్రతిసారి, తను పనిచేసే మెడికల్ షాపు సేటు ఒక రోజు జీతం పట్టుకుంటడు. చెవులకు కమ్మలు లేవు, చూసినవా దీప్తీ? నువ్వు చూసే ఉంటవ్. ఆడపిల్లవు కదా.

ఎందుకు పోతాందంటవా? చెప్తాన. జర మొదటికెళ్లి చెప్పనియ్యి.

మా అమ్మ పేరు మీద పరకాలల ఒక జాగ ఉండె, వంద గజాలు. అమ్మ పోయినంక అది అమ్మినం. నాకు సగం, మా అన్నకు, అంటె మీ మామకు, సగం. నా సగం సూరత్ల మన రూం అడ్వాన్సుకు, మీ స్కూళ్లకు పోయింది. మామ తన సగం ముట్టుకోలే. మూడు లక్షల అరవై వేలు. కావ్య నర్సింగ్ చదవాలె అని, మార్కెట్ దగ్గరి బ్యాంకుల పెట్టి మర్సిపోయిండు.

మామ సంగతి మీకేం తెలుసు? మీరు చూసింది నాలుగుసార్లో ఐదుసార్లో. ఏనుమాముల మార్కెట్ల హమాలీ. పత్తి బోరాలు, మిర్చి బస్తాలు మోసి మోసి మెడ వెనుక గట్టిగ కాయ కాసి ఉండె. చిన్నప్పుడు నేను దాన్ని గిల్లేదాన్ని, నొప్పి లేస్తలేదే అన్నా అని. నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద. నేను ఇంటర్ పాసైన రోజు యార్డుల ఉన్న హమాలీలందరికి చాయ్ తాగించిండట. మా చెల్లె ఇంగ్లీషు చదువుతది అని.

అదే నా ఖర్మ అయింది. చెల్లె చదువుతది అన్న నమ్మకం.

నేనెట్లాంటిదాన్నో మీకు తెలుసు. తాళం ఏసి మెట్లు దిగి, మళ్ల ఎక్కి తాళం గుంజి చూస్త. ఆటో ఆయన పది రూపాయలు ఎక్కువ చిల్లర ఇస్తె సందు చివరిదాంక ఉరికి, వాపస్ ఇచ్చి వచ్చిన, నువ్వు నవ్వినవ్ హరీష్. మూడు లక్షల అరవై వేలు మూడు శాతంల ఉన్నయని తెలిస్తె నాకెట్లుంటది? వేరే ఒక బ్యాంకు, కొత్తది, సేవింగ్స్ ఖాతాకే ఏడు శాతం ఇస్తాంది. లెక్క కడితె నెలకు పన్నెండు వందలు తేడా. ఒక చీరకు స్టోన్లు అంటిస్తె నాకు పదిహేను రూపాయలు ఇస్తరు. పన్నెండు వందలంటె ఎనభై చీరలు. మా అన్న పైసలు ఏం చెయ్యకుంటనే నెలకు ఎనభై చీరలు పోగొట్టుకుంటున్నయి. నాకు అన్నం సయించకపోయేది.

ఫోన్ చేసి చెప్పిన. ఆయన నవ్విండు. మిత్తి కట్టుడు తెలుసు గని మిత్తి తీసుకునుడు నాకెన్నడు ఎరుక లేదు చెల్లె, నువ్వెట్లంటె గట్లనే అన్నడు.

రెండేండ్ల కింద దీపావళికి నేనొక్కదాన్నే వచ్చిన, యాదికున్నదా? నాలుగు రోజులు. మీ నాన్న మీకు మ్యాగీ చేసి పెట్టిండు. అప్పుడే ఇదంత చేసిన. కొత్త బ్యాంకుల ఖాతా తెరిపిచ్చిన. ఆ బ్యాంకు మునిగితె ఎంతవరకు వాపస్ వస్తయి, అడిగిన. ఐదు లక్షలదాంక భరోసా ఉన్నదన్నరు, కాగితం చూపియ్యమన్న. నామినీ కావ్య పేరు, స్పెల్లింగు మూడుసార్లు సరిచూసిన. పైసలు పంపేటప్పుడు ముందుగాల వంద రూపాయలు పంపిన. చేరినయా? చేరినయి. తర్వాత వెయ్యి. చేరినయి. తర్వాత కొన్ని కొన్ని. అన్న నా పక్కన కూసొని, నువ్వు పైసలు పంపుతానవా, కోడిపిల్లలను రోడ్డు దాటిస్తానవా అన్నడు.

పాత ఖాతాల ఐదు వందలు వదిలిపెట్టిన. సున్న చేస్తె బంద్ చేస్తరేమో అని. ఐదు వందలకు మించి మూడు శాతంల ఎందుకుండాలె అని.

ఇంకొకటి చేసిన. ఫోన్ నంబరు మార్పించిన. అన్న వీపు మీద బస్తా ఉంటది, అంగి జేబుల ఫోన్ల ఓటీపీ వస్తది. ఆయన బస్తా దించి, చెమట తుడుసుకొని, నాకు చదివి చెప్పేవరకు టైం అయిపోతది. గందుకని రెండు ఖాతాలకు నా నంబరు పెట్టిచ్చిన. బ్యాంకుల దరఖాస్తు నేనే రాసిన. అన్న సంతకం పెట్టిండు. యా-క-య్య, ఒక్కొక్క అక్షరం బస్తా దించినట్టు.

మొదటి మిత్తి పడ్డది సంక్రాంతి లోపల్నే, నాలుగు వేలు దాటింది. అందుట్ల కొంత తీసి రెండు కిలోల మటన్ తెచ్చిండట. నాకు ఫోన్ చేసి, సమ్మమ్మ వదినను పొయ్యి దగ్గర ఫోన్ పెట్టమన్నడు. కూర ఉడికే సప్పుడు వినిపిచ్చిండు. ఇగో చెల్లె, నీ మిత్తి ఉడుకుతాంది అన్నడు. నేను సూరత్ల, గ్యాస్ పొయ్యి ముంగట రొట్టె చేత్తో పట్టుకొని, కండ్లనీళ్లు పెట్టుకున్న. జీవితంల ఒక్క పని సక్కగ చేసిన అనిపిచ్చింది.

ఆగు, ఆడికే వస్తాన.

ఆగస్టుల మామకు జ్వరం. మాత్రలేసుకొని పనికి పోయిండు, నాలుగో రోజు యార్డులనే పడిపోయిండు. పదకొండు రోజులు దవాఖానల. ప్రైవేటు దవాఖాన. కొత్త బ్యాంకుల పైసలు నేనే సూరత్‌ల కూసొని ఫోన్ల పంపిన. పొద్దుగాల నలభై వేలు, సాయంత్రం ముప్పై వేలు. ఈసారి వంద పంపి చూసుడు లేదు, ఏం లేదు. పదకొండో రోజుకు ఖాతాల పద్నాలుగు వందలు మిగిలినయి. మామ మిగలలే.

మీకు పరీక్షలుండె. నేను, మీ నాన్న వచ్చి పోయినం.

దినాలు అయినంక రాజమల్లు అని, మామతోటి హమాలీ, ఇంటికొచ్చి కావ్యకు చెప్పిండు. మీ బాపుకు రెండు లక్షల బీమా ఉన్నది పిల్లా, మా అందరికి ఉన్నది, బ్యాంకుకు పో అని. నాలుగేండ్ల కింద బ్యాంకోళ్లు యార్డు షెడ్డుల టేబుల్ ఏసి, అందరితోటి సంతకాలు తీసుకున్నరట. ఏడాదికోసారి, మే నెల ఆఖరుల, ఖాతాలకెళ్లి నాలుగు వందల ముప్పై ఆరు రూపాయలు దానంతట అదే కట్ అయితది. మనిషి పోతె ఇంటోళ్లకు రెండు లక్షలు. సంతకం పెట్టినోళ్లకు ఒక్కొక్క టోపి కూడ ఇచ్చిన్రట. మామకు టోపి యాదికున్నది. బీమా యాదికి లేదు. నాకెన్నడు చెప్పలే.

నేను పాస్‌బుక్ చూసిన కదా దీపావళికి. చివరి గీత చూసిన, ఎంత ఉన్నదని. పైన గీతలు చదవలే. మూడేండ్లల మూడుసార్లు కట్ అయి ఉండె ఆడ. తాళం రెండుసార్లు గుంజి చూసేదాన్ని, ఒక పేజీ పైకి చూడలే.

కావ్య ఆ పాత బ్యాంకుకు పోయింది. కౌంటర్ల పిల్ల కంప్యూటర్ చూసి చెప్పింది. ఖాతాల ఐదు వందలుండె, ఏటీఎం కార్డు చార్జి రెండు వందల ముప్పై ఆరు పోయినయి, మెసేజ్‌ల చార్జి పద్దెనిమిది పోయినయి. మిగిలినయి రెండు వందల నలభై ఆరు. మే ఆఖరుల బీమా పైసలు కట్ కాలే. బీమా ఆగిపోయింది. మామ పోయింది ఆగస్టుల.

ఎంత తక్కువైనయో లెక్క కట్టినవా? నూటా తొంభై రూపాయలు. హరీష్ చేతుల ఉన్న గసొంటి చిప్స్ ప్యాకెట్లు తొమ్మిది.

కావ్య ఆడికెళ్లే నాకు ఫోన్ చేసింది. ఏడుస్తలేదు, కోపం మీదున్నది. అత్తా, పైసలు తక్కువున్నయని బాపుకు ఒక మాట చెప్పాలె కదా వాళ్లు, చెప్పకుంట ఎట్ల బంద్ చేస్తరు అన్నది.

అప్పుడు నేను ఏమనాలె? నువ్వు చెప్పు. పైసలు తీసింది నేను బిడ్డా, తప్పు నాది అనాలె. అంతే కదా. రెండు నిమిషాల పని.

నేనేమన్ననో తెలుసా? "అవును బిడ్డా. తప్పు వాళ్లదే. వదలకు."

వదల్లేదు ఆ పిల్ల. అత్త చెప్పింది కదా, చదువుకున్న అత్త. కోర్టు కాడ కాగితాలు రాసే కిషన్ రావు అనే ఆయన దగ్గరికి పోయింది, నాలుగు వేలు తీసుకున్నడు. కమ్మలు గప్పుడే పోయినయి. నర్సింగ్ కాలేజి మేడం దగ్గరికి పోయి, బీమా పైసలు వస్తయి మేడం, రెండో ఏడాది సీటు ఆపున్రి అన్నది. ఆమె మంచిదే, ఆపింది. ఈ నెలాఖరుదాంక. ఇగ తొమ్మిది రోజులున్నది. వేరే అప్పో, లోనో చూసుకోమంటె, ఎందుకత్తా, మన పైసలు మనకు రావాలె కదా అంటది.

ఆ కౌంటర్ల పిల్లను ఒకరోజు అందరి ముంగట తిట్టిందట. మా బాపు ఉసురు తగులుతది నీకు అన్నదట. ఆ పిల్ల లేచి లోపలికి పోయి ఏడ్చిందట. కొత్తగ నౌకరి వచ్చిన పిల్ల, కావ్య ఈడుదే ఉంటది. నాకు ఫోన్ చేసి, ఏడిపిచ్చిన అత్తా ఇయ్యాల అని చెప్పింది కావ్య. నేను అన్నం తిన్నవా అని అడిగిన.

అవును, గంతే అడిగిన.

పైసలు మనమే ఇస్తె అయిపాయె కదా అంటానవ్. నువ్వట్ల అనుడు సులువు దీప్తీ. నీ కాలేజికి పెట్టినయి లక్షా పదివేలు ఉన్నయి. అవి తీద్దామని ఎన్నిసార్లు ఫోన్ తెరిచిన్నో. తీస్తె నీ సంగతి ఏంది? మీ నాన్నకు ఏం చెప్పాలె? ఏడ్వకు. నిన్ను అనుటలేదు. నేను నీ గురించి ఆగిన అని చెప్పుకుంటె నాకు బాగుంటది, గాని గది కూడ నిజం కాదు. ఇస్తె ఎందుకిస్తున్నవ్ అత్తా అని అడుగుతది కదా కావ్య. దానికి జవాబు లేక ఆగిన.

ఇగ ఇయ్యాల్టి సంగతి.

పొద్దుగాల రొట్టెలు చేసుకుంట కావ్య ఏమన్నదో నువ్వు విన్నవో లేదో. బ్యాంకోళ్లు పైసలు కట్ కాలేదని మెసేజ్ పంపినం అంటున్నరట. బాపు ఫోన్ల అసొంటి మెసేజే లేదు, నేను మొత్తం చూసిన అని కావ్య కొట్లాడింది. సరే, ఏ నంబరుకు పంపినమో, ఏ తారీఖు పంపినమో కాగితం మీద రాసిస్తం, గురువారం రమ్మన్నరు. ఇయ్యాల గురువారం. ఆ కాగితం చేతిల పడితె చాలు, దొరికిపోతరు అత్తా అని నవ్విందప్పుడు. ఏడాదిల మొదటిసారి నవ్వుడు చూసిన.

ఆ కాగితం మీద ఉండేది నా నంబరు.

దీపావళికి నంబరు మార్చిన ముచ్చట కావ్యకు తెల్వదు. అప్పుడామె హాస్టల్ల ఉండె. కొత్త బ్యాంకుకే అత్త నంబరు అనుకుంటది. సమ్మమ్మ వదినకు నంబర్లు, ఖాతాలు ఏం ఎరుక?

మెసేజ్ వచ్చిందా అంటానవా?

వచ్చింది బిడ్డా.

జూన్ మొదటి తారీఖు, పొద్దుగాల. నీకు టిఫిన్ చేస్తాన హరీష్. ఇంగ్లీషుల, అన్ని పెద్దక్షరాలల. ఖాతాల బ్యాలెన్స్ తక్కువున్నది, నాలుగు వందల ముప్పై ఆరు కట్ కాలేదు అని. బీమా అన్న మాట లేదు అందుట్ల, ఏవో మూడు నాలుగు అక్షరాలు కలిపి ఉండె. రెండు రోజులకు ఇంకోసారి వచ్చింది, అదే మెసేజ్.

నేను చూడకుంట ఉంటనా? కరెంటు బిల్లు మెసేజ్‌నే మూడుసార్లు చదివేదాన్ని. చదివిన. రెండుసార్లు చదివిన. ఈ నాలుగు వందల ముప్పై ఆరు ఏంది అని ఒక్క ఫోన్ కొడితె తెలిసేది. జూన్ల కట్టినా నడిచేదట, తర్వాత చెప్పిన్రు.

నేనేమనుకున్ననో తెలుసా? చూసినవా, కార్డు చార్జి అని, మెసేజ్ చార్జి అని పాతోళ్లు మళ్ల ఏదో గుంజ చూస్తాన్రు, ఐదు వందలే ఉంచిన కాబట్టి వాళ్ల చేతికి దొరకలే అనుకున్న. మీ నాన్న స్నానం చేసి వస్తె, ఆయనకు చూపిచ్చిన. భానుచందర్ గారు, నా తెలివి చూడున్రి అన్న, నవ్వుకుంట. ఆయన తల తుడుసుకుంట సరే సరే అన్నడు. ఏం చూసిండో ఆయనకే యాదికి లేదు. నాకున్నది. సంబరపడ్డ నేను. మా అన్న రెండు లక్షలు పోతాంటె, ఆ పొద్దంత సంబరంగ చీరలకు స్టోన్లు అంటిచ్చిన.

ఈ ముక్క ఎవ్వరికీ తెల్వదు. ఇప్పుడు మీకు తెలుసు.

పైసలు ఎక్కడ పెట్టాలె, ఎందుకు తీయాలె, అవన్నీ నాకిప్పటికి తప్పనిపిస్తలేవు. ఎవరైనా గట్లనే చేస్తరు. ఏడు శాతం మూడు కంటె ఎక్కువే కదా. నా మంచికి చేసుకోలే, ఒక్క రూపాయి ముట్టలే. ఇవన్నీ కావ్యకు చెప్పగలుగుత. ఆమె అర్థం చేసుకుంటది కూడ. గాని తెలిసి తెలిసి ఏడాదిపాటు ఆ పిల్లను బ్యాంకు మెట్లు ఎక్కిచ్చిన. అది ఎట్ల చెప్పాలె? నా నోరు వస్తలేదు. నిన్నటిదాంక బంతిల చెప్దామనుకున్న, మామ ఫొటో ముంగట చెప్దామనుకున్న, పొద్దుగాల రొట్టెల కాడ చెప్దామనుకున్న. రొట్టెలు బాగున్నయి అన్న.

గందుకే మీకు చెప్తాన.

ఇయ్యాల కాగితం ఇచ్చిన్రనుకో. దాని మీద నా నంబరు ఉంటది, తారీఖు ఉంటది. రమత్త చదివింది అని ఉండదు. చదివి నవ్వింది అని అసలే ఉండదు. కావ్య వచ్చి, నువ్వు చూసుకోలేదా అత్తా అని అడుగుతది. ఆ పిల్ల గసొంటిది, నేను తప్పించుకునేటట్టే అడుగుతది. నేను, లేదు బిడ్డా, పనిల పడి చూడలే అంట. నా సంగతి నాకు తెలుసు. అన్నంక ఆమె నా చెయ్యి పట్టుకొని, పోనీ అత్తా అంటది. బాపుకైతె చెప్పలే కదా వాళ్లు అని, మళ్ల వచ్చే గురువారం బ్యాంకుకు పోతది.

దీప్తీ, నువ్వు ఆమె పక్కకు పోయి చెప్పు. అమ్మ చదివింది వదినా, రెండుసార్లు చదివింది అను. బ్యాంకోళ్ల తప్పు లేదట, ఆ పిల్లను తిట్టకట, కిషన్ రావుకు ఇంక పైసలు ఇయ్యకట అను. కాలేజికి వేరే లోను చూసుకోమను, జామీను సంతకం అమ్మ పెడ్తదట అను. సంబరపడ్డ ముచ్చట కూడ చెప్పు. అది దాచకు. దాస్తె ఆమె నన్ను మాఫ్ చేస్తది.

నీకు పదిహేడేండ్లు. నీ నెత్తి మీద ఇది పెట్టుడు తప్పే. తెలుసు. అయినా పెడ్తాన.

అదిగో, వంతెన మీదికెళ్లి దిగేది ఆమెనే కదా? నాకు దూరంది ఆనదు. చేతుల కాగితం ఉన్నదా? సరిగ చూడు.

ఉన్నదా.

ముందే చెప్పకు. ఒక్కసారి నన్ను అడగనియ్యి. ఏమో, నా నోటితోనే వస్తదేమో.

రాదు. నువ్వే చెప్పు.